దించుకున్న పుస్తకాలు ఎక్కడికి పోయాయి?

ఇంటి కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి పాత తెలుగు పుస్తకాలు చదువుకుంటున్నాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో స్కాన్ చేసి పెట్టిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. దసరాకు వచ్చిన మా అబ్బాయి కంప్యూటర్‌లో ఒక డౌన్‌లోడ్ ప్రోగ్రాం వేసి, ఇక తొందరగా దిగుతాయి నాన్నా అని చెప్పి వెళ్లాడు. నిజంగానే తొందరగా దిగుతున్నాయి. చివరికి పూర్తయిందని ఒక చిన్న పెట్టె వస్తుంది. దాన్ని మూసేస్తాను. ఆ తర్వాత పుస్తకం ఎక్కడా కనిపించదు. డెస్క్‌టాప్ మీద లేదు, డాక్యుమెంట్స్‌లో లేదు, డౌన్‌లోడ్స్‌లోనూ లేదు. కనిపించక ఒకే పుస్తకాన్ని మూడుసార్లు దించాను. ఈ మధ్య సీ డ్రైవ్ గీత ఎర్రగా మారింది. అబ్బాయి డ్యూటీలో ఉంటాడు, ప్రతిసారీ ఫోన్ చేసి అడగడానికి మనసొప్పడం లేదు. ఈ ప్రోగ్రాం ఫైళ్లను ఎక్కడ పెడుతుంది? నాకు నేనుగా ఎలా కనుక్కోవాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కల్వకుర్తి

జవాబు: సార్, మీ ఉత్తరంలో "నాకు నేనుగా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో పదకొండేళ్లు ఇంటర్నెట్ సెంటర్ నడిపినదాన్ని. ఎంతోమందికి ఎన్నో కాగితాలు దించి ఇచ్చాను. అది ఎక్కడ పడిందో నాకు కూడా చూపించమ్మా అని అడిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ. అలా అడిగి తెలుసుకున్నవాళ్లు ఆ పని కోసం మళ్లీ నా దగ్గరికి రావలసిన అవసరం రాలేదు. అందుకే ఉత్తరం కింద మీరు రాసిన నంబరుకు ఫోన్ చేశాను. ఆ ముప్పావు గంటలో మనం చేసిన పనినే మీ అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. ఇదే ఇబ్బంది చెప్పుకునే ఉత్తరాలు నాకు ప్రతి నెలా వస్తున్నాయి.

ఫైలు కనిపించనప్పుడు కంప్యూటర్ అంతా గాలించకండి. దాన్ని దించిన ప్రోగ్రాంనే అడగండి. పెట్టినవాళ్లకే కదా పెట్టిన చోటు తెలిసేది. దించే పని చేసే ప్రతి ప్రోగ్రామూ ఒక ఖాతా పుస్తకం రాసుకుంటుంది. ఏది తెచ్చింది, ఎక్కడి నుంచి తెచ్చింది, ఎంతవరకు వచ్చింది, ఏ ఫోల్డర్‌లో పెట్టింది, అన్నీ అందులో ఉంటాయి. మనం ఆ పుస్తకం తెరవకుండా గది గదికీ తిరిగి వెతుకుతాం.

మీ అబ్బాయి వేసినది ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్ అని ఫోన్‌లో తెలిసింది. దాన్ని తెరవమన్నాను. మీరు దించినవన్నీ వరుసగా కనిపించాయి. నలభై ఒక్కటి ఉన్నాయని లెక్కపెట్టి చెప్పారు. ఒక పుస్తకం పేరు మీద మౌసు కుడి బటన్ నొక్కమన్నాను. వచ్చిన జాబితాలో "ఓపెన్ ఫోల్డర్" అని ఉంది. అది నొక్కగానే వేరే విండో తెరుచుకుంది, అందులో పుస్తకం కనిపించింది. "ఇక్కడే ఉందమ్మా, అన్నీ ఇక్కడే ఉన్నాయి" అన్నారు మీరు. ఆ సంతోషంలోనే ఫోన్ పెట్టేయబోయారు. నేను ఆపాను. ఈ రోజు దొరికితే సరిపోదు, రేపు మీరు నేరుగా అక్కడికి వెళ్లగలగాలి. అందుకు ఆ చోటు చిరునామా చదవాలి.

విండో పైభాగంలో పొడవాటి గడి ఒకటి ఉంటుంది. అందులో ఫోల్డర్ల పేర్లు బాణం గుర్తులతో విడివిడిగా కనిపిస్తాయి. ఆ గడిలో కుడివైపు ఖాళీగా ఉన్న చోట ఒకసారి నొక్కితే పేర్లన్నీ కలిసి ఒకే గీతగా మారతాయి. మారినదాన్ని మీరు పిల్లలకు పద్యం ఒప్పజెప్పినట్టు ఒక్కో ముక్కగా చదివారు. "డి. పక్కన రెండు చుక్కలు. వెనక్కి వాలిన గీత. డౌన్‌లోడ్స్. మళ్లీ గీత. డాక్యుమెంట్స్." ఒక్క క్షణం ఆగి, "డౌన్‌లోడ్స్‌లో చూశానే, అక్కడ లేదే" అన్నారు.

అక్కడే ఉంది తికమక. మీ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ పేరుతో రెండు ఫోల్డర్లు ఉన్నాయి. మీరు రోజూ చూసేది విండోస్ తానుగా ఏర్పాటు చేసినది. అది సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ లోపల, మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది. రెండోది మీ అబ్బాయి డి డ్రైవ్‌లో పెట్టినది. సీలో చోటు తక్కువగా ఉందని మంచి ఆలోచనే చేశాడు. చెప్పి వెళ్లి ఉంటే ఇంకా బాగుండేది. ఆ డి డ్రైవ్ డౌన్‌లోడ్స్ లోపల ఈ ప్రోగ్రాం మళ్లీ తన పద్ధతిలో అరలు కట్టింది. పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లు వస్తే డాక్యుమెంట్స్ అనే అరలోకి, పాటలు మ్యూజిక్‌లోకి, వీడియోలు వీడియోలోకి, జిప్ మూటలు కంప్రెస్డ్‌లోకి, ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు ప్రోగ్రామ్స్‌లోకి వెళ్తాయి. మీవి పీడీఎఫ్ పుస్తకాలు కాబట్టి డాక్యుమెంట్స్ అరలో చేరాయి. ఆ పేరుతో సీ డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్ వేరు, ఇది వేరు. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలు ఒకే తరగతిలో ఉంటే మీరు ఇంటిపేరు పెట్టి పిలిచేవారు కదా. ఇక్కడ ఇంటిపేరు డ్రైవ్ అక్షరం.

ఇంకో మాట చెప్పినప్పుడు మీరు కాసేపు మాట్లాడలేదు. మీరు ప్రతిసారీ మూసేస్తూ వచ్చిన ఆ చిన్న పెట్టెలోనే జవాబు ఉంది. ఈ ప్రోగ్రాం దించడం పూర్తికాగానే చూపే ఆ పెట్టెలో ఫైలు ఎక్కడ పడిందో పూర్తి చిరునామా రాసి ఉంటుంది. దాని కింద తెరవడానికి ఒక బటన్, ఫోల్డర్‌కు వెళ్లడానికి ఒక బటన్, మూసేయడానికి ఒక బటన్ ఉంటాయి. మనలో చాలామందికి తెరపై ఏ పెట్టె వచ్చినా గాభరా. ఏదో తప్పు జరిగిందేమో అని వెంటనే మూసేస్తాం. కంప్యూటర్ మనతో మాట్లాడేది ఆ పెట్టెల ద్వారానే, సార్. అయిదు సెకన్లు ఆగి చదవండి. చదవడం మీకు ఒకరు నేర్పాలా!

ఇక ఎర్ర గీత. డ్రైవ్‌లో పది శాతం కంటే తక్కువ చోటు మిగిలినప్పుడు విండోస్ దాన్ని ఎర్రగా చూపిస్తుంది. పుస్తకాలు డి డ్రైవ్‌లో పడుతుంటే సీ ఎందుకు నిండింది అని ఫోన్‌లో అడిగారు. చాలా మంచి ప్రశ్న. ఇలాంటి ప్రోగ్రాంలు ఫైలును ఒకే ముక్కగా తీసుకురావు. దాన్ని చాలా ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో దారిలో ఒకేసారి తెప్పిస్తాయి. తొందరగా దిగడానికి కారణం అదే. వచ్చిన ముక్కలన్నీ ముందు ఒక తాత్కాలిక చోట చేరతాయి. అన్నీ వచ్చాక వాటిని అతికించి, పూర్తయిన ఫైలును అసలు ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ తాత్కాలిక చోటు మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది, మీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో. విండోస్ దాన్ని మామూలు కంటికి కనిపించకుండా ఉంచుతుంది. మధ్యలో ఆగిపోయిన ప్రతి ఫైలు ముక్కలూ అక్కడే పడి ఉంటాయి.

మీ జాబితాలో సగంలో ఆగినవి ఆరు ఉన్నాయి. వాటి పేర్లు చదవమంటే ఆరింటి చివరా జిప్ అని ఉంది. అప్పుడు అర్థమైంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక్కో పుస్తకాన్ని ఒకటికి నాలుగు రూపాల్లో ఇస్తారు. పీడీఎఫ్ ఒకటి. పుస్తకంలోని ఒక్కో పేజీ ఫొటోను పెద్ద సైజులో పెట్టి, అన్నిటినీ కలిపి కట్టిన జేపీ2 జిప్ మరొకటి. ఆ జిప్ మూట పీడీఎఫ్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, కొన్ని వందల ఎంబీలు ఉంటుంది. చదువుకోవడానికి దానితో మీకు పని లేదు. అక్షరాలను మాత్రమే వేరుచేసి ఇచ్చే రూపం కూడా ఒకటి ఉంటుంది. పాత తెలుగు అచ్చును యంత్రం చదివి తయారుచేసినది కాబట్టి అందులో వత్తులూ గుణింతాలూ చెదిరిపోతాయి. మీలాంటివారికి అది చూస్తే బాధ కలుగుతుంది. పీడీఎఫ్ ఒక్కటే దించుకోండి.

ఆగిపోయిన ఆ ఆరింటినీ ప్రోగ్రాం జాబితాలోనే ఎంచుకుని తీసేయమన్నాను. అక్కడ తీసేస్తే వాటి ముక్కలు కూడా పోతాయి. యాప్‌డేటాలోకి వెళ్లి చేత్తో చెరపమని ఎవరైనా చెప్పినా వినవద్దు. ఇతర ప్రోగ్రాంల సామాను కూడా అందులోనే ఉంటుంది. చూడాలనుకుంటే మాత్రం చూడవచ్చు. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటనూ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కండి. చిన్న గడి వస్తుంది. అందులో శాతం గుర్తు వేసి, యాప్‌డేటా అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, చివర మళ్లీ శాతం గుర్తు వేసి ఎంటర్ నొక్కండి. అక్కడ ఏయే ప్రోగ్రాంలు సామాను పెట్టుకున్నాయో కనిపిస్తుంది. ముక్కలు చేరే చోటును డి డ్రైవ్‌కు మార్చాలంటే ఈ ప్రోగ్రాంలో ఆప్షన్స్, అందులో "సేవ్ టు" అనే భాగం, దాని అడుగున "టెంపరరీ డైరెక్టరీ" అని ఉంటుంది. మనం మార్చాం. మూడుసార్లు దించిన పుస్తకం మూడు కాపీలూ డాక్యుమెంట్స్ అరలో దొరికాయి. రెండో, మూడో కాపీల పేరు చివర అంకె చేరి ఉంది. ముందు ఒకటి తెరిచి చివరి పేజీ వరకు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాకే మిగతా రెండూ తీసేయమన్నాను. సగం దిగిన కాపీని ఉంచుకుని, నిండుగా ఉన్నదాన్ని చెరిపేసినవాళ్లను చూశాను.

తర్వాత మీ చేతే ఒక పని చేయించాను. డి డ్రైవ్‌లో "పుస్తకాలు" అని తెలుగులోనే పేరు పెట్టి ఫోల్డర్ తెరిపించాను. విండోస్ తెలుగు పేర్లను చక్కగా తీసుకుంటుంది. కొత్త పుస్తకం దించడం మొదలుపెట్టినప్పుడు ఈ ప్రోగ్రాం ఎక్కడ పెట్టాలో అడుగుతూ ఒక పెట్టె చూపిస్తుంది. అందులో ఈ ఫోల్డర్‌ను ఎంచుకుని, ఈ రకం ఫైళ్లకు ఇదే చోటును గుర్తుపెట్టుకోమనే చిన్న గడిలో టిక్ పెడితే చాలు, ఇక ముందు పీడీఎఫ్‌లన్నీ అక్కడికే వస్తాయి. ఆ ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి క్విక్ యాక్సెస్‌కు పిన్ చేస్తే, ఫోల్డర్ల విండో తెరిచినప్పుడల్లా ఎడమ వైపు పైనే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. డి అనే అక్షరం ఆ డ్రైవ్‌కు శాశ్వతంగా పుట్టుకతో వచ్చిన పేరు కాదు. లోపల బిగించిన డ్రైవ్ అక్షరం మామూలుగా మారదు. పెన్ డ్రైవ్‌నో బయటి హార్డ్ డిస్క్‌నో డౌన్‌లోడ్ చోటుగా పెట్టుకున్నవారికి మాత్రం ఈ ఇబ్బంది వస్తుంది. నిన్న ఇంగ్లీషు "ఇ" అక్షరంతో ఉన్నది, మధ్యలో ఇంకో పెన్ డ్రైవ్ పెడితే రేపు "ఎఫ్" కావచ్చు. ప్రోగ్రాం మాత్రం పాత "ఇ" డ్రైవ్‌లోనే వెతుకుతూ ఫైలు లేదంటుంది. మీ కల్వకుర్తినే తీసుకోండి. 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లా అని రాసేవాళ్లం, ఆ రోజు నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఊరు ఎక్కడికీ కదల్లేదు, మారింది చిరునామాలో ఒక్క పంక్తి. ప్రోగ్రాం ఫైలు లేదని చెప్పినంత మాత్రాన పోయిందని బెంగపడకండి. డిస్క్ తగిలించి, ఇప్పుడు దానికి ఏ అక్షరం వచ్చిందో చూడండి.

అబ్బాయిని ఒక మాట అడగండి సార్, అది డబ్బు కట్టి తీసుకున్న కాపీయేనా అని. ఆ ప్రోగ్రాం ముప్పై రోజులు ఉచితం, తర్వాత కొనుక్కోవాలి. తాళం పగలగొట్టిన కాపీలు నెట్‌లో దొరుకుతాయి. వాటితోపాటు ఇంట్లోకి ఏం వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ పింఛను ఖాతా తెరిచేది అదే కంప్యూటర్‌లో అని మీరే చెప్పారు.

వేరే ప్రోగ్రాంలు వాడే పాఠకులకు కూడా దారి ఇదే. మీరు విడిగా ఏ ప్రోగ్రామూ వేసుకోకుండా క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో దించుకుంటుంటే, కంట్రోల్ మీటతో కలిపి జె నొక్కండి. దించినవాటి జాబితా వస్తుంది. ఒక్కో పేరు పక్కన ఫోల్డర్ బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కాలి. క్రోమ్, ఎడ్జ్‌లలో సగం దిగిన ఫైలు పేరు చివర సీఆర్‌డౌన్‌లోడ్ అని, ఫైర్‌ఫాక్స్‌లో పార్ట్ అని ఉంటుంది. అలాంటిది తెరుచుకోదు, దాని పేరు మార్చినా పనిచేయదు. టొరెంట్ ఫైళ్లు దించే క్యూబిట్‌టొరెంట్ అనే ప్రోగ్రాం వాడేవారు జాబితాలో పేరు మీద కుడి బటన్ నొక్కితే ఫైలున్న ఫోల్డర్‌ను తెరిచే మాట కనిపిస్తుంది. అక్కడి నుంచి ఫైలును చేత్తో వేరే చోటికి జరపకండి. ఆ ప్రోగ్రాంలోనే "సెట్ లొకేషన్" అని ఉంది, దానితో మార్చండి. లేకపోతే దాని ఖాతా పుస్తకం ఒక మాట, కంప్యూటర్ ఒక మాట చెబుతాయి.

ఏ ప్రోగ్రాంతో దించారో కూడా గుర్తులేకపోతే అప్పుడు వెతకండి. విండోస్ మీటతో కలిపి ఇ నొక్కి, ఎడమ వైపు "దిస్ పీసీ" మీద నొక్కి, కుడివైపు పైన వెతికే గడిలో నక్షత్రం గుర్తు, చుక్క, పీడీఎఫ్ అని ఇంగ్లీషులో కొట్టండి. వచ్చినవాటిని తేదీ ప్రకారం పేర్చితే ఈ రోజు దిగినది పైకి వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో ఇంట్లోవాళ్లు వేరువేరు యూజర్ పేర్లతో పనిచేస్తుంటే ఒక్కొక్కరికి ఒక్కో డౌన్‌లోడ్స్ ఉంటుందని మరవకండి. కోడలి పేరుతో తెరిచి దించినది మామగారి డౌన్‌లోడ్స్‌లో ఉండదు.

ఇతరుల కంప్యూటర్‌లో దించుకునేవారికి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా సెంటర్‌లో కంప్యూటర్లను ఆపి మళ్లీ వేస్తే మొదటి స్థితికి వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాం. ఒకరి కాగితాలు ఇంకొకరి కంట పడకూడదని చేసిన పని. ఒక సాయంత్రం చందంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చి, మర్నాటి ఉద్యోగ పరీక్షకు హాల్‌టికెట్ దించుకుంది. ప్రింటు తీయబోతుండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఫైలు లేదు. ఆ సమయానికి వెబ్‌సైటు తెరుచుకోవడం మానేసింది. ఆ అమ్మాయి ఏడవలేదు, కుర్చీ అంచున కూర్చుని తెరవైపే చూస్తూ ఉంది. రాత్రి తొమ్మిది దాటాక సైటు తెరుచుకుంది. చివరి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మా ఇంట్లోనే పడుకుని, పొద్దున నేరుగా పరీక్షకు వెళ్లింది. ఆ రోజు నుంచి మా సెంటర్‌లో ఎవరు ఏది దించుకున్నా, ముందు వాళ్ల పెన్ డ్రైవ్‌లోకో మెయిల్‌లోకో పంపించాకే ప్రింటు తీసేదాన్ని. మీరు కూడా ఏ సెంటర్‌కు వెళ్లినా దించిన వెంటనే మీ దగ్గరికి ఒక కాపీ తెచ్చుకోండి. తర్వాత ఆ కంప్యూటర్‌లోని కాపీని చెరపమని దగ్గరుండి చెప్పండి. రహస్య విండోలో (ఇన్‌కాగ్నిటో) దించుకున్నాం కదా, మూసేస్తే పోతుందిలే అనుకోవద్దు. దాన్ని మూస్తే జాబితా పోతుంది, ఫైలు మాత్రం డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది. ఆధార్ కాపీ అలా ఎందరిదో మిగిలిపోతోంది.

ప్రశ్న: అక్కా, నేను తేలియా రుమాలు డిజైన్లు గీస్తాను, నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది నేసే బట్ట అది. మా నాన్న గళ్ల కాగితం మీద గీసేవారు, నేను కంప్యూటర్‌లో గీస్తున్నాను. ఒక వ్యాపారి పాత డిజైన్‌ను జిప్ చేసి పంపారు. తెరిచి, అంచులో గడులు మార్చి, రాత్రి రెండింటి వరకు కూర్చుని సేవ్ చేశాను. పొద్దున జిప్ తెరిస్తే పాత డిజైనే ఉంది. నేను మార్చింది పోయినట్టేనా?
– ఒక నేత కళాకారుడు, పుట్టపాక

జవాబు: తమ్ముడూ, పోయి ఉండకపోవచ్చు. ముందు ఒక పని మానుకో. కంప్యూటర్‌ను శుభ్రం చేసే ఏ ప్రోగ్రామూ, డిస్క్ క్లీనప్ కూడా, ఇప్పుడు నడపవద్దు.

జిప్ అంటే కట్టిన మూట. మూటను విప్పకుండా అందులో ఉన్న ఫైలు మీద రెండుసార్లు నొక్కితే, విండోస్ దానికి ఒక నకలు తీసి టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి, ఆ నకలునే నీకు చూపిస్తుంది. నువ్వు రాత్రంతా మార్చింది ఆ నకలును. సేవ్ చేయబోతే వేరే పేరుతో చేయమని ఒక పెట్టె వచ్చి ఉంటుంది, నువ్వు సరే అని ఉంటావు. ఆ పెట్టె తెరుచుకునేది తరచు ఆ టెంప్ ఫోల్డర్‌లోనే. మూటలో ఉన్న అసలు డిజైన్‌ను ఎవరూ ముట్టుకోలేదు, అందుకే అది పాతదిగానే ఉంది.

నువ్వు డిజైన్ గీసే ప్రోగ్రాంను తెరిచి, ఫైల్ మెనూలో ఈ మధ్య తెరిచినవాటి జాబితా చూడు. అందులో ఆ పేరు ఉంటే నొక్కు. తెరుచుకుంటే వెంటనే డి డ్రైవ్‌లో నీ సొంత ఫోల్డర్‌లోకి సేవ్ చేసుకో. లేకపోతే విండోస్ మీటతో ఆర్ నొక్కి, రెండు శాతం గుర్తుల మధ్య టెంప్ అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ కొట్టు. లోపల వందల పేర్లుంటాయి, బెదరకు. వాటిని తేదీ ప్రకారం పేర్చి, నువ్వు పనిచేసిన రాత్రి దగ్గరికి వెళ్లు. ఆ జిప్ పేరు కనిపించే ఫోల్డర్ ఉంటుంది, అందులో చూడు. అక్కడా లేకపోతే పైన సార్‌కు చెప్పినట్టు నీ డిజైన్ ఫైలు రకంతో మొత్తం సీ డ్రైవ్‌లో వెతుకు. యాప్‌డేటా లోపల ఉన్నవి బయటి నుంచి వెతికితే రాకపోవచ్చు కాబట్టి టెంప్‌లోకి వెళ్లి అక్కడే ఒకసారి వెతకడం మంచిది.

ఇక ముందు జిప్ వస్తే దాని మీద కుడి బటన్ నొక్కి "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" అను. విప్పిన ఫోల్డర్‌లో ఉన్నదాన్నే తెరువు. నూలుకు కట్టు కట్టే పనిలో ఒక్క గడి తప్పితే పడుగు మీద ఎంత దూరం వెళ్తుందో నీకు నేను చెప్పాలా? పాత డిజైన్‌కూ మార్చిన డిజైన్‌కూ తేదీ చేర్చి వేరువేరు పేర్లు పెట్టుకో. తప్పు ఫైలు చూసి కట్లు కట్టారంటే వారం రోజుల కష్టం వృథా అవుతుంది. రాత్రి రెండింటి వరకు చేసిన ఆ పని దొరికిందో లేదో నాకు తప్పకుండా రాయి.

ప్రశ్న: మేడమ్, మా లెక్చరర్ పాఠాల పీడీఎఫ్‌లూ వీడియోలూ టెలిగ్రామ్‌లో పెడతారు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే కనిపిస్తాయి, నెట్ లేనప్పుడు ఫోల్డర్లలో వెతికితే సగమే ఉంటాయి. ఫోన్‌లో యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాఠాలను ల్యాప్‌టాప్‌కు మార్చుకుందామంటే అవి ఫోన్ ఫోల్డర్లలో ఎక్కడా లేవు.
– ఒక డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: యూట్యూబ్ సంగతి ముందు చెప్పేస్తాను తల్లీ. ఆ యాప్‌లో డౌన్‌లోడ్ చేసినది ఆ యాప్‌లోనే చూడాలి. అది మామూలు వీడియో ఫైలుగా బయటికి రాదు, కాబట్టి దాని కోసం ఫోన్ అంతా వెతకడం దండగ. పాఠం ఫైలుగా కావాలంటే మీ లెక్చరర్‌నే అడుగు. వాళ్లు సంతోషంగా ఇస్తారు.

టెలిగ్రామ్‌లో చూడటం వేరు, దించుకోవడం వేరు. వీడియో ఆడుతుంటే అది నీ ఫోల్డర్‌లో చేరినట్టు కాదు. చూడటానికి తెచ్చినదాన్ని టెలిగ్రామ్ తన లోపలి నిల్వలో ఉంచుకుంటుంది. నీకు ఫైలుగా కావాలంటే దాని మీద కుడి బటన్ నొక్కి "సేవ్ యాజ్" అని నువ్వే చోటు ఎంచుకోవాలి. బాణం గుర్తు నొక్కి దించుకున్న పీడీఎఫ్‌లు మాత్రం నీ డౌన్‌లోడ్స్ లోపల టెలిగ్రామ్ డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. నీకు కనిపించిన సగం అవే అయి ఉంటాయి. టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ అనే భాగానికి వెళ్తే "డౌన్‌లోడ్ పాత్" అని ఉంటుంది, దాన్ని నీకు నచ్చిన ఫోల్డర్‌కు మార్చుకో. దాని దగ్గరే ప్రతి ఫైలుకూ చోటు అడగమనే మీట ఉంది. అది కూడా వేసి పెట్టు. సబ్జెక్టుకు ఒక ఫోల్డర్ చేసుకుని, దించేటప్పుడే దేనిది దానిలో పెట్టుకుంటే పరీక్షల ముందు రాత్రి వెతుక్కునే పని ఉండదు.